ఖాళీ ఆకులు

ఆ వానాకాలమంతా నేను ఊపిరి బిగపట్టుకునే గడిపాను. మాట వరసకు అంటున్నది కాదు. పాలప్యాకెట్లు గేటుకు తగిలించి వెళ్ళే వేళకి నేను పెరట్లో నిమ్మచెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక చేత్తో ఆకు కాడ, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని ఉండేదాన్ని. ఆకు మీద నువ్వుగింజలో సగం ఉండే ఈగ. ఈగకు జానెడు దూరంలో కెమెరా. కెమెరా వెనక మావారు.

"ఊపిరి తియ్యకు," అనేవారు.

తియ్యకపోతే మనిషి పోతుందని ఆయనకు తెలియక కాదు. కాకపోతే ఈగ పోవడం అంతకన్నా పెద్ద నష్టం. తెల్లారగట్ల చల్లదనానికి ఈగలు మొద్దుబారి ఉంటాయి, కాస్త వెచ్చటి గాలి తగిలితే చాలు లేచిపోతాయి. నా ఊపిరి వెచ్చగా ఉండడం కూడా ఆ రోజుల్లో నా లోపాల జాబితాలోకి ఎక్కింది.

మావారు తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు. ఆ వేసవిలోనే రిటైరయ్యారు. ఆయన బజారులో అడుగుపెడితే తక్కెళ్ళు వాటంతటవే సర్దుకునేవని కొట్లవాళ్ళు చెప్పుకునేవారు. ఊరందరి తప్పులూ పట్టిన మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటే ఎవరి తప్పులు దొరుకుతాయి? అందుకే ఆయన కెమెరా కొన్ననాడు అందరికన్నా ఎక్కువ సంతోషించింది నేనే. ఈగను ఏనుగంత చేసి చూపించే లెన్సు. వెలుగు మెత్తగా పడడానికి ఫ్లాష్ ముందు కట్టుకునేందుకు ఖాళీ పాలప్యాకెట్లు కడిగి ఆరేసి ఇచ్చాను. పోనీలే, ఇకమీదట ఈగల తప్పులు పట్టుకుంటారు అనుకున్నాను.

ఫోటో తీయడం ఆయన పని. తీసింది ఏమిటో తేల్చడం నా పని. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువుకు వంటింట్లో బొద్దింకలను పలకరించడం తప్ప వేరే పని తగల్లేదు. ఇన్నాళ్ళకు మళ్ళీ పిలుపొచ్చింది.

ఈగను గుర్తుపట్టాలంటే ముందు రెక్కలు చూడాలి. తేనెటీగలా నల్లపసుపు చారలు వేసుకుని బెదిరించినా సరే, రెండే రెక్కలుంటే అది ఈగే, వేషం కట్టిందంతే. రెండో జత రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు బుడిపెలుంటాయి, ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా. ఆ బుడిపెలు తెర మీద కనిపించినప్పుడు మావారి ముఖంలో వృత్తిగౌరవం కనిపించేది. ఆ తర్వాత రెక్కలోని నరం ఎక్కడ చీలింది, ఎక్కడ కలిసింది, మీసం చివర వెంట్రుక ఉందా లేదా, అన్నీ అయ్యాక కళ్ళు. చాలా జాతుల్లో మగఈగకు రెండు కళ్ళూ నడినెత్తిన అతుక్కుపోయి తలంతా కళ్ళే అయిపోతుంది. ఆడఈగకు రెండు కళ్ళ మధ్యా కాస్త జాగా మిగులుతుంది.

"చూశావా, మగదానికి చూపెక్కువ," అన్నారు మావారు, డైనింగు టేబుల్ మీద కంప్యూటర్ పెట్టుకుని.

"అవునండీ. పాపం నుదురే లేదు, దేవుడు రాత ఎక్కడ రాశాడో."

ఆయన నవ్వలేదు. జోకు అర్థం కాకపోతే అది నా తప్పు. అర్థమైతే ఇంకా పెద్ద తప్పు.

పేరు తేలేదాకా ఈగను ఏదో ఒకటి అనుకోవాలి కదా, మనసులో చుట్టాల వరసలు పెట్టుకునేదాన్ని. ముందుకాళ్ళు రెండూ గాల్లో ఊపుతూ, ఎదురొచ్చినవాళ్ళందరికీ దారి చెబుతున్నట్టు నడిచేది పెద్దమామగారు. ఎండపొడ తగిలితే పచ్చగా మెరిసి, మనిషి అలికిడైతే ఆకు కిందకి తప్పుకునేది తోడికోడలు. ఎక్కడ వాలినా రెండు చేతులూ నలుపుకుంటూ "మధ్యలో నేనేం చేశాను" అన్నట్టుండేది వదినగారు.

వదినగారంటే మావారి అక్కయ్య. ఇంటి పైకప్పు కారుతోందనీ, బాగుచేయించేదాకా తమ్ముడి దగ్గరే ఉంటాననీ తొలకరితోపాటు మా ఇంట్లో దిగారు. ఆవిడకు తమ్ముడంటే ప్రాణం. తమ్ముడు పగలు చుక్కలున్నాయంటే, ఏది ఎక్కువ మెరుస్తోందో ఆవిడ చెప్పగలరు.

నా సంగతి వేరు. మా ఇంట్లో 'కాదు', 'లేదు' అనే మాటలు ఆయనవి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గోడగడియారం వెనకబడిందని ఆయనంటే, "కాదండీ, మీ చేతిగడియారమే ముందుంది" అన్నాను. మర్నాడు రెండింటినీ రేడియోతో సరిచూశారు. నా మాటే నిజమని తేలింది. ఆ తర్వాత ఒక వానాకాలం మొదలై ముగిసేదాకా నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి 'కాదు' మానేసి 'ఏమోనండీ' అనడం, 'లేదు' మానేసి 'నాకు కనపడలేదండీ' అనడం నేర్చుకున్నాను. దీన్ని మా అమ్మ సర్దుకుపోవడం అనేది. కాపురానికి పంపేటప్పుడు గిన్నెలతోపాటు ఇచ్చిన మాట అది. గిన్నెలు సొట్టలు పోయాయి, మాట మాత్రం గట్టిది.

మొదటి ముసురు విడిచిన పొద్దున ఆయన కెమెరాకు కుడికన్ను ఆనించి, ఉన్నట్టుండి బిగుసుకుపోయారు.

"కదలకు."

కదల్లేదు.

"వచ్చింది... నల్లగా ఉంది... ఆకు మీంచి లేచింది... అదీ, అదీ..." కెమెరా టక్కుమంది. "ఛ! జారిపోయింది. చూశావా?"

"నాకు కనపడలేదండీ."

"నీ ముక్కు కిందే ఉంటే! వెనకాల దారంలా ఒక కాలు వేలాడుతోంది. ఇలాంటిది ఎక్కడా చూళ్ళేదు."

"నేను చూశాన్రా తమ్ముడూ!" వరండాలోంచి వదినగారు. "ఇట్నుంచి అటు సర్రున పోయింది."

"చూడు, అక్కకు కనపడింది. అంత దూరం నుంచి."

ఆవిడ కళ్ళజోడు లోపల ఫ్రిజ్ మీద ఉంది. అది పెట్టుకోకపోతే ఆవిడకు నిమ్మచెట్టుకూ నాకూ తేడా తెలియదు.

ఆ తర్వాత రోజూ వచ్చేది ఆ ఈగ. కెమెరాకు కన్ను పెడితేనే వచ్చేది. కెమెరా దించితే మాయం. సిగ్గరి జాతి అన్నారు మావారు. పచ్చటి ఆకు మీదకన్నా తెల్లటి మబ్బు వెనకగా ఉంటే ఇంకా బాగా కనిపిస్తోందన్నారు. నేరుగా చూద్దామనుకునేసరికి పక్కకు జారుకుంటుంది, చూపు ఎటు తిప్పితే అటు తనూ కదులుతుంది. "దానికి నా చూపు తెలుస్తోందే," అన్నారొకరోజు, గొంతులో ఒకలాంటి మురిపెంతో. నన్ను చూపు తెలిసిన మనిషిగా ఆయన ఎప్పుడూ మెచ్చుకోలేదు.

ఫోటోల్లో మాత్రం ఆకులే. నిమ్మాకు, పుదీనాకు, గుమ్మడాకు, మళ్ళీ నిమ్మాకు. మధ్యాహ్నాలు నేను ఒక్కొక్కదాన్నీ పెద్దది చేసి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికేదాన్ని. గడ్డి మేసే పశువు కూడా ఆకును అంత దగ్గరగా చూసి ఉండదు.

"ఎక్కడుందండీ?"

"ఎక్కడుంటుంది? నేను నొక్కే క్షణానికి నువ్వు ఊపిరి వదిలావు. పోయింది."

అలా జల్లెడపడుతుంటే ఒక ఖాళీ ఆకు అంచున, మసకగా, నిజంగానే ఒక ఈగ కనిపించింది. ఆయన వర్ణించిన నల్లది కాదు. తేనెరంగు ఒళ్ళు, రెక్క చివర గోధుమరంగు మచ్చ. రెక్కలో ఒక నరం, ఎక్కడా చీలకూడని చోట రెండుగా చీలి ఉంది. నాకు తెలిసిన ఏ వరసలోనూ అది ఇమడలేదు. చుట్టాల్లో కూడా అలాంటివాళ్ళు లేరు.

"ఈ మూలనున్నదాన్ని గ్రూపులో పెట్టమంటారా?"

"నీ ఇష్టం. మనక్కావాల్సింది అది కాదు."

ఫోన్లో ఈగలవాళ్ళ గ్రూపు ఒకటుండేది. అందులో ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా ఈగల రెక్కలే చూసిన మనిషి, అందరూ రెక్కల మాస్టారు అనేవారు. ఏ ఫోటో పెట్టినా ఒక ముక్కలో పేరు చెప్పి ఊరుకుంటారు, మెచ్చుకోలు గిచ్చుకోలు ఉండవు. అలాంటాయన ఆ మసక ఈగను చూసి ఏకంగా నాలుగు వాక్యాలు రాశారు. ఇది ఎక్కడ దొరికింది? రెక్క పక్కనుంచి స్పష్టంగా కనిపించే ఫోటో ఒక్కటి కావాలి. నేను ఇంతవరకూ చూసినవాటిలో ఇది లేదు. దయచేసి వదలకండి.

మావారికి చదివి వినిపించాను.

"దీనికే ఇంత ఇదైపోతే, మనది చూపిస్తే ఏమైపోతాడో!" అని, ఆ మధ్యాహ్నమే తన నల్లఈగ గురించి గ్రూపులో పెద్ద వ్యాసం రాశారు. రంగు, నడక, వేలాడే కాలు, సిగ్గు, అన్నీ. కొత్త జాతి దొరికితే పట్టినవాళ్ళ పేరు పెడతారని ఎక్కడో చదివారట, తన పేరు లాటిన్లో ఎలా ఉంటుందో కూడా రాసుకుని చూసుకున్నారు.

"ఇంటిపేరు కూడా కలిపి పెట్టమనరా," అన్నారు వదినగారు. "నాన్నగారు పైనుంచి సంతోషిస్తారు."

"ఈగ కదా వదినా, అంత పేరు మోస్తూ ఎగరగలదా?" అన్నాను.

"నీకన్నీ వేళాకోళమే అమ్మాయ్. మొగుడికి పేరొస్తుంటే ఒళ్ళు పులకరించాలి."

రెక్కల మాస్టారి జవాబు సాయంత్రానికి వచ్చింది. ఒకటే మాట. ఫోటో?

మావారు ఆ రాత్రి అన్నం సగంలో లేచారు. "మనిషి మాటకు విలువ లేదా? నేను ముద్ర వేస్తే ఊరంతా ఆ తక్కెడని నమ్మేది. నన్ను ఫోటో అడుగుతాడా?"

ముల్లులేని తక్కెడకు ఆయన ఎన్నడూ ముద్ర వేయలేదన్న సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చినవన్నీ పైకి అనేదాన్నైతే ఇన్నేళ్ళు కాపురం చేసేదాన్ని కాదు. నీళ్ళ గ్లాసు అందించాను.

మర్నాడు కాస్త చల్లబడ్డాక కదిపాను. "ఒకసారి మీ కళ్ళజోడు నంబరు చూపించుకుందామా? ఎన్నాళ్ళో అయింది."

చిన్నప్పటినుంచీ సీసా అడుగులంత మందపు అద్దాలు ఆయనవి.

"నా కళ్ళకేం? తక్కెడ ముల్లు వెంట్రుకవాసి పక్కకుంటే రోడ్డవతలి నుంచి పట్టిన కళ్ళివి. నీకు కనపడనిది నాకు కనపడితే తప్పు నా కళ్ళదా?"

"డేగచూపమ్మా మావాడిది," అన్నారు వదినగారు చేతులు నలుపుకుంటూ.

నేరుగా వెళితే కుదరదని చుట్టూ తిరిగి వెళ్ళాను. నా కళ్ళు మసకేస్తున్నాయని, తోడు రమ్మని ఆయన్ని కళ్ళజోళ్ళ కొట్టుకు తీసుకెళ్ళాను. అక్కడ యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి చూస్తారు. నా వంతు అయ్యాక లేచి కుర్చీ చూపించాను. "ఎలాగూ వచ్చాం కదండీ, మీరూ ఒక్క నిమిషం."

"నా నంబరు నాకు తెలుసు. మారలేదు." కొట్టతని వైపు తిరిగారు. "ఈవిడ కళ్ళెలా ఉన్నాయి?"

"మేడమ్ గారివి చాలా బావున్నాయి సార్. ఈ వయసులో ఇంత శుభ్రంగా ఉండడం అరుదు."

ఇంటికొచ్చాం. గేటు తీస్తూ అన్నారు, "కళ్ళు అంత బావున్నాయట కదా. మరి నీకెందుకు కనపడదు?"

నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను. ఆ సాయంత్రం వదినగారు ఫోన్లో చుట్టాలందరికీ చెప్పారు, మా మరదలికి కళ్ళు బావున్నాయట, మనసే పెట్టదట అని.

వానలు ముదిరాయి. ఈగలు రెండయ్యాయన్నారు మావారు. తర్వాత గుంపన్నారు. అవి జతకట్టే కాలం అయ్యుంటుందని ఆయనే తీర్మానించారు. అప్పుడే ఫ్లాష్ గొడవ మొదలైంది.

"నేను నొక్కకుండానే వెలుగుతోంది. పక్కనుంచి చుర్రుమని మెరుస్తోంది."

రిపేరు కొట్టుకు తీసుకెళ్ళాం. అతను విప్పి చూసి, "బంగారంలా ఉంది సార్, ఏ లోపమూ లేదు" అన్నాడు. లోపం లేదనే మాట మావారు ఒప్పుకునే మాట కాదు. రెండ్రోజులు ఉంచుకుని సరిగా చూడమని ఫ్లాష్ అక్కడే వదిలేసి వచ్చారు.

మర్నాటి పొద్దున నిమ్మచెట్టు దగ్గర ఉలిక్కిపడ్డారు. "చూశావా, మళ్ళీ వెలిగింది!"

"ఫ్లాష్ కొట్లో ఉందండీ."

ఆయన కెమెరా నెత్తిన తడిమి చూసుకున్నారు. ఖాళీగా ఉంది. "అయితే మెరుపు," అన్నారు.

ఆకాశం బూడిదరంగులో కదలకుండా ఉంది. ఉరుము కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

"ఉరుము కూడా వినపడిందిరా," అన్నారు వదినగారు లోపల్నుంచి.

ఆ రోజు నేను గొంతు పెంచి అడిగాను. "డాక్టరు దగ్గరకు వెళదాం. ఇవాళే."

"ఎవరికి బాలేదు?"

"మీ కళ్ళు..."

"మళ్ళీ మొదలుపెట్టావా? ఆ మాస్టారికి ఫోటో పంపేదాకా నన్ను కదిలించకు. నీకు ఆ తేనెరంగుదాని మీద ఉన్న శ్రద్ధ నా మీద ఉంటే ఈపాటికి దొరికేది."

తేనెరంగుది అప్పుడు నా చేతిలోని ఆకు మీదే ఉంది. ఒక రెక్క ఎత్తి దించి, ఇంకో రెక్క ఎత్తి దించి, ఎవరినో మెల్లగా పిలుస్తున్నట్టు. "ఇదుగోనండీ, మాస్టారు అడిగింది" అన్నాను. "అడ్డం, ఊది తోసెయ్" అన్నారు ఆయన. ఊపిరి వదలమని ఆయన నాకు చెప్పింది ఆ కాలం మొత్తంలో ఆ ఒక్కసారే.

ఆ వారంలోనే ఒక పొద్దున, వాన ఇంకా పట్టలేదు, మబ్బు మాత్రం కిందిదాకా దిగి ఉంది.

"పక్కకు జరుగు. నీ నీడ పడుతోంది."

అలాంటి మబ్బులో చెట్టుకే నీడ లేదు, నాకెక్కడిది. అయినా జరిగాను.

"ఇంకా. ఎడంపక్క నుంచి కమ్ముకొస్తోంది. ఆ గొడుగు ముయ్."

మూశాను.

"జరగమంటే అర్థం కాదా?"

ఆకు కాడ వదిలేసి లేచాను. తడిగడ్డి మీద చప్పుడు కాకుండా నడిచి ఆయన వెనక్కి వచ్చి నిలబడ్డాను.

"ఏం మనిషివి! సగం ఫ్రేము నల్లగా చేసి పెట్టావు. జరుగు!"

"నేను మీ వెనకాల ఉన్నానండీ," అన్నాను.

ఆయన కెమెరా దించారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. మళ్ళీ చెట్టు వైపు తిరిగి, ఎవరూ పట్టుకోకుండా ఊగుతున్న ఆకును చూశారు. నేను ముందుకు వెళ్ళి ఆయన ఎడమకన్ను మీద నా అరచేయి మూసి పెట్టాను. వద్దనలేదు.

"నేను కనిపిస్తున్నానా?"

"సగం," అన్నారు.

"ఏమిట్రా తమ్ముడూ, దొరికిందా?" వరండాలోంచి వదినగారు అడిగారు.

కళ్ళాసుపత్రిలో డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చుక్కలు వేసి, దీపం పట్టి, ఆయన కుడికంట్లోకి చాలాసేపు చూసింది. మేం ఆకుల్ని చూసినంత దగ్గరగా.

"ఈమధ్య కంటి ముందు చిన్న చిన్న ఈగలు ఎగురుతున్నట్టు ఏమైనా కనిపించాయా అంకుల్? నల్లగా, దారాలు వేలాడుతున్నట్టు?"

మావారు కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నారు.

"బయట ఏమీ ఉండవు. కంటి లోపల తేలే మచ్చల నీడలవి. చూపు తిప్పితే అవీ కదులుతాయి. పక్కన మెరుపులు కూడా వస్తాయి. ఎప్పటినుంచి?"

మావారు గోడ మీది అక్షరాల పట్టీని చూస్తున్నారు. "నిన్నటి నుంచి," అన్నారు.

"తొలకరి నుంచి," అన్నాను నేను.

ఆ అమ్మాయి మా ఇద్దరినీ చూసి, నా మాట రాసుకుంది.

కంటి వెనక పలచటి పొర ఒకటుంటుందట. అద్దాలు మందంగా ఉన్నవాళ్ళకు అది చిరిగే ప్రమాదం ఎక్కువట. మొదట చిన్న చిరుగు, ఈగలు కనిపించేది అప్పుడే. అప్పుడు వస్తే లేజరుతో అంటించి సాయంత్రానికి ఇంటికి పంపేవాళ్ళట. ఇప్పుడు తడిగోడ మీది కాగితంలా పొర మొత్తం ఊడొచ్చింది. ఆపరేషన్ చేస్తాం, చూపు ఎంత వస్తుందో మాత్రం మాటివ్వలేం అంది.

ఆపరేషన్ అయింది. కంట్లో గాలిబుడగ పెట్టారు. అది పొరను నొక్కి ఉంచాలంటే రోగి రాత్రీపగలూ తల కిందికి వంచుకునే ఉండాలన్నారు. ఎవరి ముందూ తల వంచని మనిషి తల వంచుకునే తిన్నారు, తల వంచుకునే పడుకున్నారు. నేను నేల మీద కూర్చుంటే తప్ప ఆయనకు నా ముఖం కనపడదు. అందుకని నేల మీదే కూర్చునేదాన్ని. అక్కణ్ణుంచి చూస్తే ఆయన ముఖం కొత్తగా ఉండేది. ఏదైనా మాట్లాడతారేమో అనుకునేదాన్ని. నేల మీది చీమల వరస చూసేవారు.

వదినగారి పైకప్పు సరిగ్గా ఆ వారంలోనే బాగైపోయింది. ఎప్పుడూ లేనంత వాన కురుస్తున్న రోజున పెట్టె సర్దుకున్నారు. నేను చీరలు మడతపెట్టి అందిస్తూ అడిగాను.

"వదినా, మీరు ఆ ఈగను చూశానన్నారు కదా?"

"వాడు సంతోషిస్తాడని అన్నానమ్మాయ్. నేనెక్కడ చూశాను?" అన్నారావిడ, ఏ తొట్రుపాటూ లేకుండా. "నువ్వు మాత్రం పూటపూటా కనపడలేదు, కనపడలేదని వాడి మనసు కష్టపెట్టావు. మనసు కష్టపడితే రోగం ఎక్కడికి పోతుంది? కంటికే పోయింది."

ఊరికి చేరాక చుట్టాలకు ఇంకో మాట చెప్పారని తెలిసింది. ఈగల పిచ్చి ఎక్కించింది మా మరదలేనని, చదువుకున్నది కదా అని.

కట్టు విప్పారు. వెలుగూ చీకటీ తేడా తెలుస్తోంది, అంతే. ఇంతకన్నా రాదన్నారు.

ఒక సాయంత్రం చుక్కల మందు వేయడానికి దగ్గరకు వెళ్ళాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు.

"నీకు తెలుసు," అన్నారు.

"ఏమిటండీ?"

"అది లేదని నీకు తెలుసు. నాకు కనపడలేదు, నాకు కనపడలేదు అన్నావు గాని, అది లేదు అని ఒక్కసారన్నా అన్నావా? ఒక్క మాట. ఆ ఒక్క మాట అనుంటే నా కన్ను నాకుండేది."

నేను గోడగడియారం వైపు చూశాను. అది సరిగ్గానే నడుస్తోంది.

"పైకి చూడండి," అన్నాను. "చుక్కలు వెయ్యాలి."

ఆ మాట తర్వాత చాలామందికి చెప్పారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ. నేను కాఫీ కప్పులు పెట్టి వెళుతుంటే వాళ్ళు నా వైపు జాలిగా చూసేవాళ్ళు. జాలి నా మీద కాదు.

వానలు వెనకపట్టాయి. గ్రూపులో రెక్కల మాస్టారు మళ్ళీ రాశారు. ఆ మచ్చరెక్కది మళ్ళీ కనిపించిందా? తేమ తగ్గితే ఇక కనిపించకపోవచ్చు.

కెమెరా హాల్లో బట్ట కప్పుకుని ఉంది. తీశాను. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చూసిన పనే, చేతికి కొత్తగా అనిపించలేదు. నిమ్మచెట్టు దగ్గర ఒక పుల్ల పాతి, ఆకు కాడను బట్టల క్లిప్పుతో పుల్లకు బిగించాను. ఆకు అణువంత కూడా కదల్లేదు. వానాకాలమంతా నేను చేసిన ఉద్యోగం ఒక బట్టల క్లిప్పు చేసేదని అప్పుడు తెలిసింది. క్లిప్పును తిట్టేవాళ్ళు కూడా ఉండరు.

వరండాలో కుర్చీ చప్పుడైంది. మావారు వచ్చి కూర్చున్నారు. కళ్ళజోడుకు కుడివైపు నల్లద్దం.

"ఏం చేస్తున్నావు?"

"ఊరికేనండీ."

కన్ను కెమెరాకు ఆనించాను. పచ్చటి మసకలోంచి ఆకు ఈనె ఒకటి తేటపడింది. దాని వెంబడే మెల్లగా జరుపుకుంటూ పోయాను. ఉంది. తేనెరంగు ఒళ్ళు, పక్కకు తిరిగి కూర్చుంది. ఒక రెక్క ఎత్తి దించింది. మచ్చ, మచ్చ పక్కన చీలిన నరం, నరం మీద సన్నటి రోమాలతో సహా. ఆడది. రెండు కళ్ళ మధ్యా తుడిచిపెట్టినట్టు శుభ్రమైన నుదురు.

"ఉందా?" వరండాలోంచి అడిగారు. పాత ఇన్‌స్పెక్టరు గొంతు. కుర్చీ చేతుల మీద బరువు మోపుతున్న చప్పుడు వినిపించింది, లేవబోతున్నారు.

ఉందంటే ఏమవుతుందో నాకు తెలుసు. వస్తారు. ఎడమకన్ను ఇంకా ఉంది. కెమెరా అందుకుని, ఆ క్లిప్పు తీసేసి కాడ పట్టుకో అంటారు. ఊపిరి తియ్యకు అంటారు. రేపు చుట్టాలకు చెప్పుకోవడానికి ఒక్కకన్నుతో పట్టిన ఈగ ఉంటుంది, దానికి ఇంటిపేరుతో సహా ఒక పేరుంటుంది.

"లేదు," అన్నాను.

కుర్చీ చప్పుడు ఆగిపోయింది. ఆయన కోరిన మాటే అది.

కెమెరా నొక్కాను. టక్కుమంది.

"మరి దేన్ని తీశావు?"

"ఆకుని," అన్నాను, హాయిగా ఊపిరి వదులుతూ.

ఈగ ఎగిరిపోలేదు.